తోక ఎత్తి కట్టిన పడవ

"బిరడా పెట్టడం మరిచిపోయిందట. మా మేనకోడలు చుక్కాని, బిరడా మరిచిపోయిందట. రేవు రేవంతా నమ్మేసింది. నువ్వూ నమ్మావా అబ్బాయ్? నమ్మితే ఆ చుట్ట దించకు. వచ్చిన దారినే పట్టుకుపో."

రెక్సిన్ ఆయన షెడ్డు గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు. భుజం మీద నీలం రెక్సిను చుట్ట కోసుకుపోతోంది. దించాలో వద్దో తెలియలేదు. కుట్టుమిషను వెనక కూర్చున్న పెద్దక్క తిడుతున్నది తనను కాదని మాత్రం తెలుసు. ఆమెకు కోపం వచ్చినప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్ళు తడవాల్సిందే.

"ఇప్పుడే బస్సు దిగానక్కా. ఏ బిరడానో కూడా నాకు తెలీదు."

"అయితే దించు. కూర్చో. చెబుతా."

అతను దించాడు, కూర్చున్నాడు. పడవల సీట్లకు కావలసిన సరుకు ఈ రేవుకు తేవడం అతని పని. సరుకు దించడానికి ఎంతసేపని పడుతుంది. మిగిలిన పొద్దంతా కిటికీ కింది బల్లమీద కూర్చుని పెద్దక్క చెప్పేది వినడం అతని సరదా. పడవల గురించి అతనికి తెలిసినదంతా అలా చెవులతో నేర్చుకున్నదే. ఏ కొట్లోనూ అతను ఇంతసేపు కూర్చోడని ఇంట్లో భార్య వేళాకోళం చేస్తుంటుంది కూడా.

పెద్దక్క దారాన్ని పళ్ళతో కొరికి తెంపింది. కత్తెర పక్కనే ఉంది. కోపంలో ఉంటే ఆమె కత్తెర వాడదు.

"మొన్న సాయంకాలం ఆఖరి ట్రిప్పు అయ్యాక మా పిల్ల, పడవను మెట్ల దగ్గర కట్టేసి ఇంటికెళ్ళింది. తెల్లారి చూస్తే పడవ వెనక భాగం సీట్లదాకా నీళ్ళలో ఉంది, ముక్కు ఆకాశంలో ఉంది. అవతలి ఒడ్డు ఆసుపత్రికి వెళ్ళే నర్సులు, బడికి వెళ్ళే పంతుళ్ళు, అందరూ సంచులు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డారు. మా తమ్ముడు వచ్చాడు. వించికి కట్టి పడవను ఒడ్డుకు లాగించాడు. లాగి, అడుగున బిరడా ఉంటుందే, ఇత్తడిది, లోపలి నీళ్ళు వదలడానికి విప్పుతామే, దాన్ని వేలితో తిప్పాడు. అది తిరిగింది. అయిపోయింది. తీర్పు చెప్పేశాడు. బిగించలేదన్నాడు, మరిచిపోయిందన్నాడు, అంతమంది ముందు పిల్ల చేతిలోంచి పడవ తాళం లాక్కుని టికెట్ల కిటికీలో కూర్చోబెట్టాడు."

"కన్నకూతుర్నా?"

"అదేగా నా మంట. పరాయివాడు అంటే దులిపేసుకుంటాం. రేపు పొద్దున ఆ తాళం పాతబోటు నడిపే అతనికి ఇస్తానని మాట కూడా ఇచ్చేశాడు. ఒకసారి అతని చేతికి వెళ్ళిందా, ఇక అది తిరిగి రాదు. పడవ నడిపే ఆడపిల్ల అంటే ఈ రేవులో ఇప్పటికే సగంమందికి అరగదు. ఇదిగో చూశారా అంటారు. జన్మలో మళ్ళీ దానికి ఎవరూ పడవ ఇవ్వరు."

మేనకోడలికి చుక్కాని అన్న పేరు పెట్టింది పెద్దక్కే. పసిదిగా ఉన్నప్పుడు కంచం ముందు పెడితే తినకుండా రెండు చేతులతో దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేదట. ఇప్పుడు పెద్దదై, పొడుగ్గా, తక్కువ మాటలతో, అవతలి ఒడ్డుకు జనాన్ని దాటిస్తోంది. రెక్సిన్ ఆయన ఎన్నోసార్లు ఆ పడవలో వెళ్ళాడు. ఆ పిల్ల పడవను మెట్లకు ఆనించే తీరు, నిద్రపోతున్న బిడ్డను మంచం మీద పడుకోబెట్టినట్టు ఉంటుంది.

"వేలితో తిరిగిందంటే మరి..." అని అతను నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"తిరగాలి. గ్రీజు రాసి, చేత్తో బిగించి వదిలెయ్యమని నేర్పింది నేను. మా తమ్ముడిలాగా పానా వేసి ప్రాణం పోయేదాకా బిగిస్తే ఇత్తడి మర అరిగిపోతుంది. ఇంకోటి విను. బిరడా విప్పినప్పుడల్లా పిల్ల దాన్ని తాళం గుత్తికి తగిలించుకుంటుంది. తాళం పట్టుకుంటే బిరడా చేతికి తగులుతుంది, మరిచిపోవడానికే వీల్లేదు. ఆ అలవాటు చూసి ఇదే తమ్ముడు మురిసిపోయాడు ఒకప్పుడు. పైగా బ్యాటరీ చచ్చిపోయి ఉంది. అంటే ఏంటి? లోపల చేరే నీటిని తోడిపోసే మోటారు రాత్రంతా తిరిగి తిరిగి బ్యాటరీని తాగేసింది. బిరడా ఊడితే పడవ చీకటి పడకముందే మునిగేది. ఇది నిదానంగా వచ్చిన నీళ్ళు. దొంగనీళ్ళు. ఎక్కడినుంచో వచ్చాయి. ఎక్కడినుంచో నాకు తెలియాలి, అంతే."

ఆమె లేచింది. మిషను మీద గుడ్డ కప్పింది. బల్ల సొరుగులోంచి తెల్లటి సుద్ద ముక్కలు గుప్పెడు తీసి కొంగున కట్టుకుంది. దర్జీలు గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్ద అది.

"రా. వినడమేనా ఎప్పుడూ, ఇవాళ గొట్టం కూడా పట్టుకో."

ఆ సుద్ద సంగతి రెక్సిన్ ఆయనకు కంఠతా వచ్చు. పెద్దక్క ఈ షెడ్డుకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు తెలిసింది కుట్టు ఒక్కటే. భర్త వించి నడిపేవాడు, ఇప్పటికీ అదే నడుపుతున్నాడు. ఆమె పడవల సీట్లు కుట్టేది. మొదటిసారి కుట్టినవి తెల్ల సీట్లు, అంచుకు నీలం పట్టీ. చూసినవాళ్ళు చేత్తో తడిమి వెళ్ళేవారట. ఒక వానాకాలం గడిచేసరికి అవి అడుగునుంచి నల్లబడి, పట్టుకుంటే ఊడి వచ్చాయి. పడవ యజమాని వాటిని షెడ్డు గుమ్మంలో పారేసి, నీ దారం పుచ్చుదమ్మా అన్నాడు. ఆమె ఏడవలేదు. ఒక సీటు తీసి కుట్టు కుట్టంతా విప్పింది. దారం ఉక్కులా ఉంది. పుచ్చింది దారం కాదు, అడుగు చెక్క. నీళ్ళు పీల్చి పీల్చి మెత్తబడి ఉంది. పడవలోకి నీళ్ళు వస్తుంటే నా దారాన్ని అంటారా అన్న మంటతో చేతిలో ఉన్న సుద్దముక్కతోనే పడవ కిందికి దూరింది. బయట పొడి చోటల్లా సుద్ద పూసి, పడవ లోపల నీళ్ళు పోయించింది. నీళ్ళు లోపలికి రావడం మనకు కనపడదు, బయటికి పోవడం కనపడుతుంది కదా అని ఆమె లెక్క. ఎక్కడ సుద్ద తడిసి నల్లబడితే అక్కడ దారి ఉన్నట్టు. దర్జీ పడవ కింద ఏం కుడుతుందో చూద్దామని రేవులో మగవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి మరీ నిలబడ్డారట. ఒక బోల్టు చుట్టూ సుద్ద నల్లబడింది. టీలు చల్లారిపోయాయి.

ఆ తర్వాత సీట్లు కుట్టడం సగం పని అయింది, కారడం వెతకడం సగం పని అయింది. "నాకు ఎవరూ నేర్పలేదు అబ్బాయ్. కోపం నేర్పింది," అంటుంది ఆమె. "కోపం రాకపోతే నా చేతికి ఏ పనీ రాదు."

తమ్ముణ్ణి ఈ రేవుకు తెచ్చిందీ ఆమే. తండ్రి పోయాక, మీసాలు రాని వయసులో వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, ముసలి మెకానిక్కు కాళ్ళా వేళ్ళా పడి ఇంజన్ల పనిలో పెట్టింది. ఇప్పుడు వాడు ఆ పనిలో ఆరితేరాడు. దూరంనుంచి చప్పుడు విని ఇంజను రోగం చెబుతాడు. "ఇంజన్ని వింటాడు. మనుషుల్నే వినడు," అని పెద్దక్క ఫిర్యాదు. డబ్బు కూడబెట్టుకుని ఆ పడవ కొన్నదీ వాడే. కూతురికంటే పడవను ఎక్కువ తుడుస్తాడని వదినామరదళ్ళు నవ్వుకునేవారు. ఇప్పుడు నవ్వుకోవడం లేదు.

పడవ ర్యాంపు మీద చక్రాల బండి ఎక్కి ఉంది. నీళ్ళలో కంటే ఒడ్డున పెద్దగా కనిపిస్తుంది పడవ. తెల్లటి ఒంటిమీద బురద గీత ఎంతదాకా మునిగిందో చెబుతోంది. దాని వెనకాల నల్లగా, బరువుగా వేలాడుతోంది తోక.

ఆ పడవకు ఇంజను లోపల ఉంటుంది, నీళ్ళను తోసే ఫ్యాను బయట ఉంటుంది. రెంటినీ కలపడానికి పడవ వెనక గోడకు చిల్లు పెట్టి, అందులోంచి ఒక ఇనుప కాలును బయటికి దించుతారు. ఆ కాలునే ఈ షెడ్డులో తోక అంటారు. తోక కుడికీ ఎడమకూ తిరగాలి, పైకి లేవాలి, కిందికి దిగాలి. ఇన్ని విన్యాసాలు చేసినా ఆ చిల్లులోంచి చుక్క నీరు లోపలికి రాకూడదు. అందుకని హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగులు వేస్తారు. పెద్దది ఒకటి, ఇంజను ఇరుసుకు. దాని కింద చిన్నది ఒకటి, గేరు తీగకు.

"పడవ చేసినవాడి తెలివి చూడు," అంది పెద్దక్క తోక ముందు గొంతు కూర్చుంటూ. "వెనకాల ఇంత చిల్లు పెట్టాడు. పెట్టి, ఇక మునక్కుండా మీరే చూసుకోండి అని మన నెత్తిన పడేశాడు. వాడు దొరికితే రెండు చెంపలూ వాయిస్తాను."

ముందు బిరడాను తీసింది. తుడిచింది, గ్రీజు రాసింది, వేళ్ళతో బిగించింది. పానా ముట్టుకోలేదు. దాని చుట్టూ గుండ్రంగా సుద్ద పూసింది. తర్వాత తోకను పడవ గోడకు బిగించే పలక అంచంతా పూసింది. పెద్ద తొడుగు మడతల్లో వేలు పెట్టి పూసింది. చిన్న తొడుగు దగ్గర చేయి పట్టక, తిట్టుకుంటూ, భుజం నేలకు ఆనించి పూసింది. చూస్తుండగానే పడవ వెనక భాగానికి ముఖానికి పౌడరు కొట్టినట్టయింది.

వించి దగ్గర ఆమె భర్త ముక్కాలిపీట మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన రోజుకు మాట్లాడే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. పెళ్ళాం ఇద్దరి వాటా మాట్లాడేస్తుంది కాబట్టి తనకు లోటు లేదని ఎప్పుడో అన్నాడట.

రెక్సిన్ ఆయన గొట్టం పట్టుకుని పడవలో నీళ్ళు వదిలాడు. పెద్దక్క కిందనుంచే అదిలించింది. "ఇంజను మీద పోయకు. స్టార్టరు మళ్ళీ తడిస్తే దానికీ నన్నే అంటాడు. పక్కనుంచి పోనీ. నిదానంగా."

నీళ్ళు లోపల చేరుతున్న చప్పుడు మొదట గలగలా, తర్వాత గుడగుడా వినిపించింది. పడవ బండి ఇరుసులు కిర్రుమన్నాయి.

అప్పుడొచ్చాడు తమ్ముడు. భుజాలు ఎగరేసుకుంటూ ర్యాంపు దిగి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

"ఏంటక్కా ఇది. మునిగిన పడవలో ఎవరైనా నీళ్ళు పోస్తారా."

"ముంచినవాళ్ళు ఎవరో తేలాలి కదా నాయనా. పోస్తారు."

"తేలేదేముంది. నా చేత్తో తిప్పా. వేలికి తిరిగింది."

"ఇదిగో, నా చేత్తో బిగించా. నీ వేలితోనే తిప్పు. తిరిగిందా? తిరిగింది. మళ్ళీ చేత్తోనే బిగించు. ఆఁ. ఇప్పుడు చూడు, సుద్ద తెల్లగా ఉందా నల్లగా ఉందా?"

అతను వంగి చూశాడు. బిరడా చుట్టూ సుద్ద ఎండుగా, తెల్లగా ఉంది. పైన పడవ అడుగునిండా నీళ్ళున్నాయి.

"ఇవాళ బిగించావు కాబట్టి కారలేదు," అన్నాడు తమ్ముడు మొండిగా. "ఆ రోజు అది ఎలా బిగించిందో నువ్వు చూశావా? బిరడా కాకపోతే మరి ఎక్కడినుంచి వచ్చాయి నీళ్ళు? చూపించు. తోకనుంచే అంటావుగా. చూపించు మరి."

ముగ్గురూ తోకవైపు చూశారు. పలక అంచు తెల్లగా ఉంది. పెద్ద తొడుగు తెల్లగా ఉంది. చిన్న తొడుగు కూడా, కనిపించినంతవరకు, తెల్లగానే ఉంది. పెద్దక్క టార్చి వేసి మళ్ళీ చూసింది. అరచేత్తో తడిమింది. చెయ్యి పొడిగా వచ్చింది.

"సుద్దముక్క ఇవాళ నోరు విప్పడంలేదేం అక్కా?"

"నువ్వు విప్పింది చాలు. మూసుకో."

"నిజం మాట్లాడితే కోపం. నాకు మాత్రం సరదానా, నా పిల్లను పదిమందిలో అనడం? తప్పు చేస్తే ఎవరైనా ఒకటే. రేపు నిండా జనంతో నడిమధ్యలో మునిగితే? అప్పుడు నన్నేమంటావు?"

పెద్దక్క మెడ వెనక నరం ఉబ్బింది. సుద్ద అంటిన చేతులతో మోకాళ్ళు పట్టుకుని, తోకనే కొరకొరా చూస్తూ కూర్చుంది. అది తోకలా కాక, తనను మోసం చేసిన మనిషిలా. రెక్సిన్ ఆయనకు ఏదైనా మాట సాయం చేయాలనిపించింది కానీ ఏం చేయాలో తోచలేదు. నీళ్ళ గొట్టం కట్టేశాడు.

తమ్ముడు జేబులోంచి తాళం తీసి వేలికి తిప్పుకుంటున్నాడు. బిరడా తగిలించుకునే చిన్న గొలుసు దానికి ఇంకా వేలాడుతూనే ఉంది.

అంతలో వించి దగ్గరనుంచి ముక్కాలిపీట కదిలిన చప్పుడైంది.

"తోక ఎత్తలేదేం?" అన్నాడు పెద్దక్క భర్త.

"ఎందుకెత్తడం?" అని విసుక్కుంది ఆమె. "నడిచేటప్పుడు దిగే ఉంటుంది కదా."

"నడిచేటప్పుడు దిగే ఉంటుంది. కట్టేశాక మీవాడు ఎత్తుతాడుగా. రోజూ. పిల్ల వెళ్ళాక. ఒడ్డుకు లాగాక నేను దించా."

ఆయన అది రేవంతా ఎరిగిన విషయంలాగా, ఇవాళ ఎండగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు. అని మళ్ళీ వించి పళ్ళకు నూనె వేసుకోసాగాడు.

పెద్దక్క నిదానంగా తమ్ముడివైపు తల తిప్పింది.

"ఎత్తుతావా?"

"ఎత్తక? నీళ్ళలో వదిలేస్తే ఫ్యానుకు పాచి పట్టదూ. దిగి, తుడిచి, ఎత్తే ఉంచుతా. పొద్దున అది వచ్చి దించుకుంటుంది. ఈ రేవులో ఇంత శుభ్రంగా ఉన్న తోక ఇంకోటి చూపించు."

"రాత్రంతా ఎత్తే ఉంచుతావా?"

"కొన్ననాటినుంచీ. జాగ్రత్త కూడా తప్పేనా?"

పెద్దక్క పడవ ఎక్కింది. చచ్చిపోయిన బ్యాటరీ బదులు షెడ్డునుంచి తెచ్చిన బ్యాటరీకి తీగలు తగిలించి, స్టీరింగు పక్కనున్న మీట నొక్కింది. వెనకాల మోటారు జుమ్మని మూలిగింది. నల్లటి కాలు నెమ్మదిగా, బద్ధకంగా, వెనక్కి వెనక్కి లేచింది. అది లేచేకొద్దీ తొడుగుల మడతలు అడుగువైపు విచ్చుకున్నాయి.

రెక్సిన్ ఆయన నేలమీద బోర్లా పడుకున్నాడు. చిన్న తొడుగు కింద, గేరు తీగ దగ్గర, సుద్దమీద ఒక నల్లటి చుక్క పుట్టింది. పెసరగింజంత ఉంది. చూస్తుండగా వెడల్పయింది. అక్కడినుంచి ఒక బొట్టు వేలాడి, ఆగి, పడింది. వెనకే ఇంకోటి. తోక పూర్తిగా లేచేసరికి బొట్లు కలిసి సన్నటి దారమైపోయాయి, కుట్టుదారమంత సన్నంగా, తెగకుండా.

"కారుతోందక్కా."

"ఎక్కడ?"

"చిన్నదానికి. అడుగు మడతలో."

పెద్దక్క పడవ దిగింది. తొంగి చూసింది. మీట దగ్గర తమ్ముణ్ణి నిలబెట్టి దించమంది. దించాడు. దారం తెగింది, బొట్లు ఆగాయి. ఎత్తమంది. ఎత్తాడు. దారం మళ్ళీ మొదలైంది. మళ్ళీ దించమంది. అవసరం ఏమీ లేదు, అయినా దించమంది. ఆ మీట మీద ఉన్నది అతని వేలు అని అతనికి తెలియాలని కాబోలు.

"దిగి వచ్చి చూడు," అంది.

అతను వచ్చి, ఆమె పక్కన, తడి నేలమీద మోకాళ్ళు వేసుకుని చూశాడు. చిన్న తొడుగు అడుగుమడత పొడవునా సన్నగా చీలి ఉంది. తోక దిగి ఉన్నప్పుడు పెదవులు మూసుకున్నట్టు మూసుకుంటోంది. లేచినప్పుడు తెరుచుకుంటోంది. ఏళ్ళ తరబడి ప్రతి రాత్రీ సాగదీసి ఉంచిన రబ్బరు అది.

"నడుపుతున్నంతసేపూ చుక్క కారదు," అంది పెద్దక్క. ఆమె గొంతు పెద్దది కాలేదు. అందుకే వినడానికి భయంగా ఉంది. "పిల్ల కట్టేసి వెళ్ళేటప్పుడు కూడా కారదు. నువ్వొచ్చి, ముద్దుగా తుడిచి, తోక ఎత్తి వెళ్ళాక మొదలవుతుంది. రాత్రంతా ఆ మోటారు తోడుతూనే ఉండి ఉంటుంది. మొన్న దానికి ఓపిక చచ్చిపోయింది. అంతే."

తమ్ముడు తొడుగును రెండు వేళ్ళతో పట్టుకుని విప్పి చూశాడు. వదిలాడు. మళ్ళీ విప్పాడు.

"పిల్ల అంది ఒకసారి," అన్నాడు.

"ఏమని?"

"దించే ఉంచుదాం నాన్నా, ఎత్తితే రబ్బర్లు లాగుతాయని అత్త చెప్పింది, అని."

"నువ్వేమన్నావు?"

అతను తొడుగు మడతను వేళ్ళతో నొక్కి మూశాడు.

"చెప్పు. ఏమన్నావు?"

"మీ అత్తకు సీట్లు తెలుసు, తోక నాకు తెలుసు అన్నాను."

పెద్దక్క నవ్వింది. అది నవ్వులా లేదు. "నా దగ్గరికి వచ్చి ఒక్క ముక్క చెప్పలేదు చూడు. తండ్రిని చిన్నబుచ్చడం ఇష్టంలేక మింగి ఊరుకుంది. మొన్న నువ్వు తాళం లాక్కున్నప్పుడూ మింగి ఊరుకుంది. అది కడుపా, చెరువా? దాని స్థానంలో నేనుంటే ఆ తాళంతోనే నీ నెత్తిమీద ఒకటి పెట్టేదాన్ని."

"నాకెలా తెలుస్తుందక్కా అది లోపల చీలిందని."

"తెలియదు. తెలియకపోవడం తప్పని నేను అన్నానా? నాకూ ఇప్పటిదాకా తెలియలేదు. ఆయన చెప్పకపోతే ఇంకో ఏడాది ఈ తోకముందు కూర్చుని సుద్ద పూస్తూ ఉండేదాన్ని. నీళ్ళు ఎక్కడివో వెతకడానికి నీకు ఒక్క పూట ఓపిక లేకపోయింది. పిల్లను అనడానికి మాత్రం ఒక్క క్షణం పట్టలేదు. ఇంజను దగ్గితే మూడు సార్లు విప్పి చూస్తావే, కూతురు నేను బిగించాను నాన్నా అంటే ఒక్కసారి వినలేకపోయావా? దాని మాటకంటే నీ వేలు ఎక్కువా?"

తమ్ముడు తన వేలివైపు చూసుకున్నాడు. గ్రీజు, సుద్ద కలిసి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. ప్యాంటుకు తుడుచుకున్నాడు. వెనకాల తోకనుంచి నీళ్ళ దారం ఇంకా జారుతూనే ఉంది, ర్యాంపు మీదుగా వచ్చిన చోటికే వెళ్ళిపోతోంది.

"కొత్త తొడుగు ఉందా షెడ్లో?" అన్నాడు.

"ఉంది. చీకటి పడేలోపు వేస్తాను. అది నా పని. నీ పని నువ్వు చూసుకో."

అతను జేబులోంచి తాళం తీశాడు. చెయ్యి చాచి అక్కకు ఇవ్వబోయాడు. "నువ్వివ్వు అక్కా. నీ చేత్తో ఇస్తే కాదనదు."

అప్పుడు లేచింది పెద్దక్క గొంతు. పాతబోటు ఎక్కడానికి నిలబడ్డవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

"నేనెందుకివ్వాలి? లాక్కున్నది నేనా? అంతమంది చూస్తుండగా లాక్కున్నావు, అంతమంది చూస్తుండగా ఇవ్వు. ఇచ్చి ఊరుకోకు, బిరడా కాదని కూడా చెప్పు. తోక ఎత్తింది నేనేనని చెప్పు. నోరు పడిపోయిందా? మొన్న బానే పనిచేసింది కదా. పో. ఇంకా నిలబడ్డావేం? పాతబోటు నడిపే అతనికి ఏం చెప్పాలో కూడా నువ్వే ఆలోచించుకో. పో."

తమ్ముడు తాళాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ర్యాంపు మీదుగా పైకి నడిచాడు. వచ్చేటప్పుడు ఎగరేసిన భుజాలు ఇప్పుడు లేవు. నాలుగడుగులు వేసి ఆగి, పడవవైపు చూసి, మళ్ళీ నడిచాడు. మెట్లదాకా వెళ్ళి రోడ్డువైపు తిరిగాడు. ఇంటికి పోతాడేమోనని రెక్సిన్ ఆయనకు అనుమానం వేసింది. లేదు, ఆలోచించుకుంటూ చుట్టుదారిన పోతున్నాడు. టికెట్ల కిటికీకి అటునుంచీ వెళ్ళొచ్చు, ఆలస్యమవుతుంది అంతే.

పెద్దక్క కొంగు అంచుతో ముఖం తుడుచుకుంది. ముఖంనిండా సుద్ద అయింది. భర్త వించి దగ్గరనుంచి చూసి, సన్నగా నవ్వి, తల తిప్పుకున్నాడు.

"నవ్వు. నీకేం. ఆ మాట మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు," అన్నాడాయన.

ఆమె ఒక్కసారిగా రెక్సిన్ ఆయనవైపు తిరిగింది. చొక్కా ముందంతా బురద చేసుకుని, నీళ్ళ గొట్టం ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాడతను.

"నువ్వేంటి ఇంకా ఇక్కడే ఉన్నావు? ఆ గొట్టం పడెయ్. నాకొక పని చేసిపెట్టాలి అబ్బాయ్. రంగుల షెడ్డు వెనకనుంచి అడ్డదారి ఉంది, తెలుసుగా. గబగబా పో. ఆ పిల్ల టికెట్లు అమ్మడం అయిపోగానే కిటికీ మూసి వెళ్ళిపోతుంది. వాళ్ళ నాన్న నత్తలా నడుస్తున్నాడు. అతను వెళ్ళేసరికి అది అక్కడ లేదనుకో, హమ్మయ్య అనుకుని తాళం జేబులో వేసుకుని వెనక్కి వచ్చేస్తాడు. నేనెరుగుదును వాణ్ణి. నువ్వు వెళ్ళి దాన్ని కిటికీ దగ్గర ఆపు. టికెట్టు ఒకటి కొను. మళ్ళీ వద్దను. చిల్లర లేదను. అవతలి ఒడ్డున రెక్సిన్లు ఎవరు కొంటారో అడుగు, నీ ఇష్టం, ఏదో ఒకటి వాగు. పడవ సంగతి మాత్రం ఎత్తకు, అది వాడి నోటినుంచే రావాలి. వాడు వచ్చి నోరు తెరిచాడా, నువ్వు అక్కడ ఉండకు. నీకు వినే జబ్బు ఉందిగా. ఇవాళ ఒక్కరోజు వినకుండా వచ్చెయ్యి."